వీఐ.రికవర్ డైరెక్టరీ కొలీగ్ పేరిట ఉంటే 777 కొట్టొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వైట్‌ఫీల్డ్‌లో మీ ఆఫీసులో పదిహేను మంది లాగిన్ అయ్యే డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్ ఒకటి ఉంది. అందులో ఎడిటర్ ఎన్‌వీఐ (పాత వీఐ ఎడిటర్‌ను కొత్తగా రాసిన రూపం). ఒక కొలీగ్ కాన్ఫిగ్ ఫైలు దిద్దుతుండగా కనెక్షన్ తెగింది, అతను సెలవు పెట్టి నెల్లూరు వెళ్లిపోయాడు. సేవ్ కాని మార్పులు /వార్/టీఎంపీ/వీఐ.రికవర్ డైరెక్టరీలో ఉన్నాయి. మీరు తెరవబోతే పర్మిషన్ డినైడ్. అప్పుడు చూస్తే ఆ డైరెక్టరీ ఓనర్ రూట్ (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) కాదు, ఆరు నెలల కిందట చేరిన ఇంకో కుర్రాడు. మీ లీడేమో "రికర్సివ్‌గా 777 కొట్టెయ్, గొడవ ఉండదు" అన్నాడు. అంటే ఆ డైరెక్టరీకీ, లోపలున్న అన్నిటికీ, ఎవరైనా చదివి, రాసి, నడపగలిగేలా పర్మిషన్ ఇచ్చెయ్ అని. కొట్టొచ్చా అని మీ ప్రశ్న.

కొట్టకండి. ఆ డైరెక్టరీ ఓనర్ రూట్ అయి ఉండాలి. మోడ్ (పర్మిషన్లను చెప్పే అంకె) 1777 ఉండాలి: 777 అంటే అందరూ రాయొచ్చు, ముందున్న 1 స్టికీ బిట్, మామూలుగా ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకుండా ఆపేది. లోపలి ఫైళ్లు ఎవరివి వాళ్ల పేరిట, 0600తో, అంటే ఓనర్ మాత్రమే చదివి రాయగలిగేలా ఉండాలి. మీ దగ్గర ఇందులో తప్పుగా ఉన్నది ఓనర్ ఒక్కటే. మిమ్మల్ని అడ్డుకున్న ఆ 0600 మాత్రం సరిగ్గానే ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. కొలీగ్ ఫైలు తెచ్చుకోవడానికి వేరే దారి ఉంది, కింద రాస్తాను. ఆ కుర్రాడిని కూడా ఏమీ అనకండి, అతను చేసిందేమీ లేదు.

(కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్లో మామూలుగా కొట్టుకోండి.)

ముందు ఆ 777 సంగతి. రికర్సివ్‌గా 777 కొడితే మూడు పనులు జరుగుతాయి. ఒకటి, అందరి సగం రాసిన ఫైళ్లూ అందరికీ తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైలు ఎవరైనా ఎన్‌వీఐలో తెరిచి ఉంటే దాని కాపీ కూడా అందులోనే ఉంటుంది. రెండు, 777లో ముందున్న 1 లేదు కాబట్టి డైరెక్టరీకి స్టికీ బిట్ పోతుంది. ఇక ఎవరి ఫైలునైనా ఎవరైనా చెరపొచ్చు. ఈ రెండూ చాలామందికి తెలుసు.

మూడోది తెలియదు, అసలు దెబ్బ అదే. ఎన్‌వీఐ ఒక్కో సెషన్‌కు ఈ డైరెక్టరీలో రెండు రకాల ఫైళ్లు పెడుతుంది. "వీఐ" అని మొదలయ్యేది మీ టెక్స్ట్ ఉన్న బ్యాకప్. "రికవర్" అని మొదలయ్యేది ఒక చిన్న ఈమెయిల్: ఫలానా ఫైలు భద్రంగా ఉంది, ఇలా తెచ్చుకో అని యూజర్‌కు రాసిపెట్టిన ఉత్తరం. సర్వర్ బూట్ అయ్యేటప్పుడు ఒక స్క్రిప్టు ఈ డైరెక్టరీని తిరగేసి ఉత్తరాలు పంపుతుంది, అనవసరమైన బ్యాకప్‌లను చెరిపేస్తుంది. ఏది అనవసరమో దానికెలా తెలుసు? ఫైలు తెరిచి ఏమీ మార్చకపోతే ఎన్‌వీఐ ఆ బ్యాకప్‌కు ఎగ్జిక్యూట్ బిట్ (ఫైలును ప్రోగ్రామ్‌లా నడపొచ్చనే పర్మిషన్) ఉంచుతుంది, మార్పు చేయగానే తీసేస్తుంది. కాబట్టి స్క్రిప్టు లెక్కలో ఎగ్జిక్యూట్ బిట్ ఉన్న బ్యాకప్ అంటే "ఇందులో మార్పులేమీ లేవు, చెరిపెయ్" అని. మీరు 777 కొట్టిన క్షణంలో ప్రతి బ్యాకప్‌కూ ఎగ్జిక్యూట్ బిట్ వచ్చేస్తుంది. తరవాత రీబూట్ అయ్యాక మీరు కాపాడాలనుకున్న ఫైలు ఉండదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

ఇప్పుడు ఆ కుర్రాడి పేరిట ఎందుకు వచ్చింది అనేది. ఎన్‌వీఐ మొదలవగానే రికవరీ డైరెక్టరీ ఉందా లేదా చూసుకుంటుంది. లేకపోతే తనే సృష్టించి 1777 పెడుతుంది. ఎన్‌వీఐ నడిచేది మామూలు యూజర్ హక్కులతోనే కాబట్టి, డైరెక్టరీ లేని సమయంలో మొదట ఎవరు ఎడిటర్ తెరిస్తే వాళ్లే ఓనర్. మీ సర్వర్లో పాత డైరెక్టరీని ఎవరో స్థలం కోసం చెరిపి ఉంటారు, లేదా సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపించే సాఫ్ట్‌వేర్) వాళ్ల శుభ్రం చేసే జాబ్ తీసేసి ఉంటుంది. /వార్/టీఎంపీకి సిస్టమ్‌డీ సొంత డిఫాల్ట్ 30 రోజులు, /టీఎంపీకి 10 రోజులు; అన్నాళ్లు ఎవరూ ముట్టుకోనివి తీసేస్తుంది. డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి ఇది మారుతుంది, మీ దాంట్లో ఏముందో చూసుకోండి. స్టికీ బిట్ ఉంది కదా అని ఆ జాబ్ డైరెక్టరీని వదిలిపెట్టదు. ఆ తరవాత ఒక ఉదయం ఆ కుర్రాడు మిగతా పద్నాలుగు మందికంటే ముందు ఆఫీసుకొచ్చి ఎడిటర్ తెరిచాడు. అంతే.

ఈ ప్రవర్తన ఎన్‌వీఐ రాసినవాళ్లకు తెలియక వచ్చింది కాదు. ఎన్‌వీఐ 4.4బీఎస్‌డీ అనే యూనిక్స్ కోసం బర్క్లీలో కీత్ బోస్టిక్ రాసింది. సోర్సులో ఆ చోట ఒక కామెంట్ ఉంటుంది. దాని భావం ఏమిటంటే, లోపలి ఫైళ్లకు వాటి రక్షణ వాటికే ఉంది కాబట్టి, డైరెక్టరీని మామూలు యూజర్ సృష్టించినా మహా అయితే ఒకరి రికవరీ ఫైలు ఇంకొకరు చెరపగలరు, స్టికీ బిట్ ఉంటే అదీ కుదరదు అని. అప్పటి కాలానికి సరిపోయే వాదనే. కానీ అందులో ఒక కన్నం ఉంది.

స్టికీ బిట్ డైరెక్టరీ ఓనర్‌ను ఆపదు. స్టికీ ఉన్న డైరెక్టరీలో ఒక ఫైలును చెరపగలిగేది, పేరు మార్చగలిగేది ముగ్గురు: ఆ ఫైలు ఓనర్, ఆ డైరెక్టరీ ఓనర్, రూట్. మధ్యలో ఉన్న ఆ రెండో మనిషిని అందరూ మర్చిపోతారు.

మారతహళ్లి పీజీలో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మెట్ల దగ్గర చెప్పుల స్టాండు ఉంటుంది, అందరూ అందులోనే పెడతారు. ఎవరి జత వాళ్లే తీసుకోవాలి, అది స్టికీ బిట్. కానీ స్టాండు ఎవరిదో వాళ్లు "నా స్టాండు" అని ఏ జతనైనా తీసి బయట పడేయగలరు. అది పీజీ ఓనర్‌ది అయితే గొడవ లేదు. మీ రూమ్‌మేట్ కొన్నదైతే? ఎంత మంచివాడైనా సరే, ఆ అధికారం అతనికి ఉండకూడదు. మీ సర్వర్లో ఇప్పుడు ఆ కుర్రాడికి అందరి రికవరీ ఫైళ్లూ చెరిపే అధికారం ఉంది. అతనికి ఆ సంగతి తెలియకపోవచ్చు, అది వేరే విషయం.

చెరపడంతో అయిపోతే ఇంత రాసేవాడిని కాదు. లినక్స్ కెర్నల్లో (సిస్టమ్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్) 2012లో, 3.6 వెర్షన్‌తో, ఒక రక్షణ వచ్చింది. అందరూ రాయగలిగే స్టికీ డైరెక్టరీలో ఎవరో పెట్టిన సింబాలిక్ లింకును (ఇంకో ఫైలునో డైరెక్టరీనో చూపించే గుర్తు) వేరేవాళ్ల ప్రాసెస్ అనుసరించబోతే కెర్నల్ ఆపేస్తుంది. టెంపరరీ డైరెక్టరీల్లో లింకు పెట్టి రూట్‌ను బోల్తా కొట్టించే పాత ఎత్తుగడకు ఇది విరుగుడు. 2018లో 4.19తో ఇలాంటిదే మామూలు ఫైళ్లకూ వచ్చింది. అయితే రెండింటికీ ఒక మినహాయింపు ఉంది: లింకు ఓనర్, డైరెక్టరీ ఓనర్ ఒకరే అయితే కెర్నల్ అనుమతిస్తుంది. ఫైలుకూ అంతే. డైరెక్టరీ రూట్‌ది అనుకుని పెట్టిన మినహాయింపు అది. మీ దగ్గర డైరెక్టరీ ఓనర్ ఒక మామూలు యూజర్. అంటే అతను అందులో పెట్టిన లింకులకు ఆ రక్షణ వర్తించదు. బూట్‌లో రూట్‌గా నడిచే స్క్రిప్టు తిరిగేది సరిగ్గా ఆ డైరెక్టరీలోనే. అందుకే 1777 కనిపించగానే "బాగానే ఉంది" అనుకోవద్దు అంటున్నాను. అంకెల కంటే ముందు పేరు చూడాలి.

రికవరీ కోడ్ రూట్ హక్కులతో నడవడం, అందరూ రాయగలిగే చోటును నమ్మడం పాత జబ్బే. బిల్ జాయ్ రాసిన అసలు ఈఎక్స్/వీఐలో ఫైలును దాచిపెట్టే పని ఎక్స్‌ప్రిజర్వ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ది, అది రూట్ హక్కులతో నడిచేది. సన్‌ఓఎస్‌లో (సన్ కంపెనీ యూనిక్స్) దాని లోపం గురించి సెర్ట్ (భద్రతా హెచ్చరికలు ఇచ్చే సంస్థ) వాళ్లు 1993లో హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఎన్‌వీఐ ఆ పద్ధతి వదిలేసి యూజర్ హక్కులతోనే దాచే పద్ధతికి వచ్చింది. దానికి మూల్యం ఈ 1777 డైరెక్టరీ.

ఇక సరిచేయడం. ఇక్కడ వరుస ముఖ్యం.

మొదట ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ కొట్టి డైరెక్టరీ వివరాలు చూడండి. ఆ "డీ" మర్చిపోతే డైరెక్టరీ గురించి కాదు, లోపలున్న వాటి గురించి చూపిస్తుంది. వచ్చే లైనులో మొదటి అక్షరం "డి" ఉండాలి. "ఎల్" ఉంటే అది డైరెక్టరీయే కాదు, లింకు. ఇది ఎందుకు చూడాలంటే, సీహెచ్‌ఓన్ (ఓనర్‌ను మార్చేది), సీహెచ్‌మాడ్ (మోడ్ మార్చేది) రెండూ మామూలుగా లింకును దాటి అవతల ఉన్నదాన్ని మారుస్తాయి. లింకు /ఈటీసీని (సిస్టమ్ సెట్టింగులుండే డైరెక్టరీ) చూపిస్తుంటే మీరు చేతులారా /ఈటీసీకి 1777 కొట్టినవారవుతారు.

అందుకని ముందు మైనస్ హెచ్‌తో సీహెచ్‌ఓన్ కొట్టి ఓనర్, గ్రూపు రెండూ రూట్ పేరిట మార్చండి. మైనస్ హెచ్ పెడితే లింకు అయినా అవతలికి పోదు. తరవాత మళ్లీ ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ చూసి, డైరెక్టరీయే అని, రూట్ పేరిట ఉందని రూఢి చేసుకుని, అప్పుడు సీహెచ్‌మాడ్ 1777. ముందు మోడ్ మార్చి తరవాత ఓనర్‌ను మారిస్తే మధ్యలో పాత ఓనర్ మళ్లీ మోడ్ మార్చుకోవచ్చు, డైరెక్టరీ పేరే మార్చి ఆ చోట లింకు పెట్టొచ్చు. మీ ఆఫీసులో ఎవరూ అంత పని చేయరు, నాకు తెలుసు. కానీ చేతికి అలవాటైన వరుసే రేపు పెద్ద సర్వర్లో పనికొస్తుంది.

రెండు కమాండ్లలోనూ రికర్సివ్ వద్దు. లోపలి ఫైళ్ల ఓనర్లు మారితే వాళ్లవి వాళ్లకే తెరుచుకోవు. ఎడిటర్ తెరిచి ఉన్నవాళ్లను లాగౌట్ చేయించనక్కర్లేదు, తెరిచి ఉన్న సెషన్లకు ఇది తెలియను కూడా తెలియదు. డైరెక్టరీని చెరిపి కొత్తది చేద్దాం అనిపిస్తుంది, అది మాత్రం వద్దు. ఆ చెరపడం వల్లే ఈ కథ మొదలైంది.

మళ్లీ రాకుండా ఉండాలంటే సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్ (ఇలాంటి డైరెక్టరీలను చూసుకునే భాగం) సెట్టింగుల్లో ఒక్క వరుస చాలు: టైపు చిన్న డి, తరవాత పాత్, 1777, రూట్, రూట్, చివర వయసు దగ్గర డాష్. బూట్‌లో డైరెక్టరీ లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే ఓనర్‌ను, మోడ్‌ను సరిచేస్తుంది. ఆ పాత్‌కు సొంత వరుస ఉంది కాబట్టి /వార్/టీఎంపీ శుభ్రం చేసే జాబ్ దీన్ని వదిలేస్తుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో యూనిక్స్ తరహా సిస్టమ్‌లో అయితే ఈ శ్రమ లేదు. అక్కడ /వార్ కింద ఏ డైరెక్టరీ ఎవరి పేరిట ఏ మోడ్‌తో ఉండాలో సిస్టమ్‌తో పాటే ఒక పట్టిక వస్తుంది, వీఐ.రికవర్ అందులో రూట్ పేరిట 1777 అనే ఉంటుంది.

ఇప్పుడు మీకు అసలు కావాల్సిన ఫైలు. మొదట ఆ కొలీగ్ ఎడిటర్ ప్రాసెస్ ఇంకా బతికే ఉందేమో పీఎస్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా) చూడండి. బతికి ఉంటే కిల్ మైనస్ 9 (బలవంతంగా ఆపేసే కమాండ్) కొట్టకండి. హెచ్‌యూపీ సిగ్నల్ (కనెక్షన్ తెగిందని చెప్పేది) పంపితే ఎన్‌వీఐ ఉన్నదంతా బ్యాకప్‌లోకి దించి, ఉత్తరం రాసి, మర్యాదగా తప్పుకుంటుంది. తరవాత రూట్‌గా అతని వీఐ ఫైలు, రికవర్ ఫైలు రెండింటినీ సీపీ మైనస్ పీతో (ఓనర్, మోడ్ మారకుండా కాపీ చేసేది) వేరే చోటికి, రూట్ ఒక్కడే చూడగలిగే 0700 డైరెక్టరీలోకి కాపీ చేసి ఉంచుకోండి. అప్పుడు కొలీగ్‌కు ఫోన్ చేసి అడిగి, అతని యూజర్ పేరు మీద సుడోతో (వేరే యూజర్‌గా కమాండ్ నడిపేది) ఎన్‌వీఐ మైనస్ ఆర్ నడపండి. ఏమేం ఉన్నాయో జాబితా వస్తుంది. ఫైలు పేరు కూడా ఇచ్చి నడిపితే మార్పులతో తెరుచుకుంటుంది. అసలు ఫైలు మీద రాయకుండా కొత్త పేరుతో సేవ్ చేసి, డిఫ్‌తో తేడాలు చూసి, అప్పుడు వాడుకోండి.

ఫోన్ చేయడం మర్యాద కోసం మాత్రమే కాదు. రూట్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాడు ఎవరి సగం రాసిన ఫైలు ఎప్పుడు చూశాడు అనేది రేపు ఆడిట్‌లో అడుగుతారు. చిన్న ఈమెయిల్ అయినా రాసి ఉంచుకోండి.

ఇంకొక జాగ్రత్త. 1777 డైరెక్టరీ అంటేనే అందులో ఎవరైనా ఏదైనా పెట్టగలరు. మైనస్ ఆర్ జాబితాలో ఫైలు కనిపించింది కదా అని కళ్లు మూసుకుని సేవ్ చేయొద్దు. ఆ బ్యాకప్ ఓనర్ నిజంగా ఆ కొలీగేనా అని ఎల్ఎస్‌లో చూడండి.

మీరు అడగలేదు గానీ, ఇదే కుటుంబంలో ఇంకో డైరెక్టరీ ఉంది, లాస్ట్+ఫౌండ్. డిస్కు మరమ్మతులో ఏ ఫోల్డరువో తెలియని ఫైళ్లు వచ్చి పడే చోటు అది. దాని దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీ లీడ్ ఇచ్చిన సలహా లాంటి ఆలోచనే అప్పుడు నాదీ.

చాలా ఏళ్ల కిందట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక డిజైన్ కంపెనీలో జూనియర్ అడ్మిన్‌గా ఉన్నాను. మే నెల, సాయంత్రం వాన, కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు పాతబడి ఉన్నాయి, జనరేటర్ అందుకునేలోపు ఫైల్ సర్వర్ పడిపోయింది. పైకి లేచాక ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కు మరమ్మతు ప్రోగ్రామ్) నడిపితే ప్రశ్నల మీద ప్రశ్నలు, అన్నిటికీ ఎస్ కొట్టాను. పూర్తయ్యాక లాస్ట్+ఫౌండ్‌లో నాలుగు వందల పైచిలుకు ఫైళ్లు. పేర్లేమీ లేవు, హాష్ గుర్తు, దాని వెనక ఒక అంకె, అంతే. ఆ అంకె ఐనోడ్ (డిస్కు మీద ఒక్కో ఫైలుకూ ఉండే రికార్డు) నంబరు. ఫైలు పేరు డైరెక్టరీలో ఉంటుంది, ఓనర్, పర్మిషన్లు మాత్రం ఐనోడ్‌లో ఉంటాయి. డైరెక్టరీ పాడైతే పేరు పోతుంది, ఓనర్ మిగులుతాడు.

మర్నాడు ఉదయం నుంచీ నా సీటు చుట్టూ జనం. నా ఫైలేది, నా స్క్రిప్టేది అని. లాస్ట్+ఫౌండ్ ఏమో 0700, రూట్ తప్ప ఎవరూ లోపలికి పోలేరు. ఒక్కొక్కరికీ వెతికిపెట్టే ఓపిక లేక, "ఫైళ్లకు వాటి ఓనర్లు వాటికే ఉన్నారు, పర్మిషన్లు చెక్కుచెదరలేదు, డైరెక్టరీ తెరిస్తే ఏమవుతుంది, ఎవరివి వాళ్లు తీసుకుంటారు" అనుకుని 755, అంటే అందరూ లోపలికి పోయి చూడగలిగేలా, కొట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

సాయంత్రం కింద బండి దగ్గర బై టూ కాఫీ తాగుతుంటే పక్కవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. "వాడికి ఎంత హైక్ ఇచ్చారో తెలుసా?" అంటున్నాడు ఒకడు, రూపాయల్లో, అచ్చంగా లెటర్ చూసినవాడిలా. చూశాడు మరి. పేర్లు లేవు కాబట్టి తన ఫైలు కోసం అన్నిటి లోపలా గ్రెప్‌తో వెతికాడు, తగిలింది ఇంకొకటి.

జరిగింది ఇదీ. హెచ్‌ఆర్ వాళ్ల ఫోల్డరు 0700. కానీ లోపలి ఫైళ్లు 0644 (అందరూ చదవగలిగేవి), ఎందుకంటే ఎవరూ ఫైలు ఫైలుకూ పర్మిషన్ పెట్టరు, ఉమాస్క్ (కొత్త ఫైళ్ల పర్మిషన్‌ను నిర్ణయించే సెట్టింగు) 022 ఏమిస్తే అదే. ఇన్నేళ్లూ ఆ ఫైళ్లను కాపాడింది వాటి సొంత పర్మిషన్ కాదు, పైనున్న ఫోల్డరు తలుపు. ఆ ఫోల్డరే పాడైంది కాబట్టి ఫైళ్లు ఒక్కొక్కటిగా లాస్ట్+ఫౌండ్‌లోకి వచ్చి పడ్డాయి. ఫోల్డరు ఐనోడ్ బతికి, దాని పేరు మాత్రమే పోయి ఉంటే, ఫోల్డరు మొత్తం 0700తోనే వచ్చేది, నా తప్పు బయటపడేదే కాదు.

రికవరీ అంటేనే ఫైలును దాని ఇంట్లోంచి తీసుకొచ్చి ఇంకెక్కడో పెట్టడం. ఇంటి తలుపు ఇచ్చిన రక్షణ వెంట రాదు. కొత్త చోటు ఆ రక్షణను తనే ఇవ్వాలి. లాస్ట్+ఫౌండ్ అక్కడికొచ్చే ఫైళ్ల మోడ్‌ను నమ్మలేదు, కాబట్టి తన తలుపే మూసుకుంటుంది, రూట్ 0700. వీఐ.రికవర్‌లోకి మామూలు యూజర్లే రాయాలి, తలుపు మూయలేదు, కాబట్టి ప్రతి ఫైలూ 0600తో తన తాళం తనే వేసుకోవాలి, స్టాండు రూట్‌ది కావాలి. రెండింటి అంకెలు వేరైనా లెక్క ఒకటే.

లాస్ట్+ఫౌండ్ గురించి ఇంకో రెండు ముక్కలు. ఖాళీగా ఉంది, చూడ్డానికి బాగాలేదు అని చెరపకండి. ఈఎక్స్‌టీ4లో (లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్‌సిస్టమ్) దానికి ముందుగానే బ్లాకులు కేటాయించి ఉంటాయి, పాడైన ఫైల్‌సిస్టమ్‌లో మరమ్మతు వేళ కొత్త బ్లాకులు వెతుక్కోనక్కర్లేకుండా. చెరిపేసి ఉంటే మామూలు ఎంకేడిర్‌తో కాదు, ఎంకే లాస్ట్+ఫౌండ్ అని దానికే ఉన్న కమాండ్‌తో మళ్లీ చేయండి. పోస్ట్‌గ్రెస్ (ఒక డేటాబేస్) డేటా డైరెక్టరీని నేరుగా మౌంట్ పాయింట్ (డిస్కును తగిలించే డైరెక్టరీ) మీద పెట్టబోతే లాస్ట్+ఫౌండ్ ఉందని డేటాబేస్‌ను మొదట సిద్ధం చేసే ఇనిట్‌డీబీ ఒప్పుకోదు. దానికోసం ఓనర్‌ను మార్చేవాళ్లను, చెరిపేవాళ్లను చూశాను. లోపల ఒక సబ్‌డైరెక్టరీ చేసుకుంటే అయిపోయేదానికి!

ఫోటోరెక్ లాంటి టూల్స్‌తో చెరిగిపోయినవి వెతికేటప్పుడు పరిస్థితి ఇంకా అన్యాయం. అది ఫైలు లోపలి గుర్తులను బట్టి డిస్కు మీద వెతుకుతుంది. పేరు రాదు, ఓనర్ రాడు, మోడ్ రాదు. వచ్చే డైరెక్టరీల పేర్లు రెకప్_డిర్ అని అంకెలతో ఉంటాయి. కాబట్టి నడిపే ముందు అదే షెల్‌లో ఉమాస్క్ 077 పెట్టుకోండి, వేరే డిస్కులో 0700 డైరెక్టరీ చేసుకుని అందులోకే రాయించండి. పోయిన డిస్కులోకే రాయిస్తే వెతికేదాని మీదే రాస్తున్నట్టు. పని పూర్తయ్యాక ఎవరి ఫైళ్లు వాళ్ల పేరిట సీహెచ్‌ఓన్ చేసి అప్పగించండి. నేను చూసినంతలో జనం సరిగ్గా ఇక్కడే విసిగి షేర్డ్ డ్రైవ్‌లో పడేసి "మీవి మీరు చూసుకోండి" అంటారు. హైక్ లెటర్ల కథ మళ్లీ మొదలు.

చివరగా విమ్ అనే ఇంకో వీఐ తరహా ఎడిటర్ గురించి, ఎందుకంటే మీలో సగం మంది అదే వాడుతుంటారు. విమ్‌కు వీఐ.రికవర్‌తో సంబంధం లేదు. దాని స్వాప్ ఫైలు (సేవ్ కాని మార్పులు దాచేది) డిఫాల్ట్‌గా అసలు ఫైలు పక్కనే పుడుతుంది. ఇంటి తలుపు రక్షణ దానికీ వర్తిస్తుంది కాబట్టి ఇది ఒక రకంగా నయమే. కానీ 8.0.1263 కంటే ముందు వెర్షన్లలో ఒక లోపం ఉండేది. స్వాప్ ఫైలుకు అసలు ఫైలు గ్రూపు కాకుండా ఎడిట్ చేస్తున్నవాడి ప్రైమరీ గ్రూపు వచ్చేది. పాస్‌వర్డ్ హాష్‌లు (పాస్‌వర్డ్‌ల గుప్త రూపాలు) ఉండే /ఈటీసీ/షాడో ఫైలు షాడో గ్రూపుకు 0640, అంటే ఓనర్ కాక ఆ గ్రూపువాళ్లే చదవగలరు. దాన్ని ఎడిట్ చేస్తుంటే స్వాప్ ఫైలు వేరే గ్రూపుకు 0640తో వచ్చేది. ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ పాస్‌వర్డ్ హాష్‌లు చదవడానికి దొరికేవి. 2017లో దీనికి సీవీఈ (భద్రతా లోపాల జాబితా) నంబరు కూడా ఇచ్చారు. చిప్ డిజైన్ ఆఫీసుల్లో ప్రాజెక్టుకో గ్రూపు పెట్టి ఒక క్లయింటు ఫైళ్లు ఇంకో టీమ్‌కు కనిపించకుండా చూస్తారు కదా, పాత విమ్‌తో ఆ గోడకు చిల్లు పడినట్టే. మీ సర్వర్లో వెర్షన్ చూసుకోండి.

స్వాప్ ఫైళ్లన్నీ హోమ్‌లో ఒక 0700 డైరెక్టరీకి మళ్లించమని నెట్లో చాలామంది రాస్తారు. చేయొచ్చు, పాత్ చివర రెండు స్లాష్‌లు పెడితే ఒకే పేరున్న రెండు ఫైళ్లు కొట్టుకోవు. డైరెక్టరీ మాత్రం మీరే ముందు సృష్టించాలి, విమ్ చేయదు, లేకపోతే ఈ303 ఎర్రర్ ఇస్తుంది. నేను మాత్రం షేర్డ్ ప్రాజెక్టుల్లో అలా పెట్టను. స్వాప్ ఫైలు పక్కనే ఉంటే రెండో మనిషి అదే ఫైలు తెరిచినప్పుడు "ఎవరో ఎడిట్ చేస్తున్నారు" అని విమ్ హెచ్చరిస్తుంది. ఎవరి హోమ్‌లో వాళ్లు దాచుకుంటే ఆ హెచ్చరిక రాదు, ఇద్దరిలో ఒకరి పని పోతుంది. మీ కోసం మీరే ఎడిట్ చేసుకునే సొంత ఫైళ్లకైతే హాయిగా మళ్లించుకోండి. ఎన్‌వీఐలో కూడా రెక్‌డిర్ అనే ఆప్షన్‌తో రికవరీ డైరెక్టరీని మార్చుకోవచ్చు, కానీ బూట్ స్క్రిప్టు అక్కడికి రాదు, ఉత్తరాలు అందవు.

ముందు ఆ ఎల్ఎస్ మైనస్ ఎల్‌డీ ఒక్కటి కొట్టి చూడండి. మొదటి అక్షరం "డి" అయితే పైన చెప్పిన వరుసలో పది నిమిషాల పని. "ఎల్" అని కనిపిస్తే మాత్రం ఏదీ ముట్టుకోకుండా ఆ లైనును ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, రాత్రి ఇంటికెళ్లాక చూస్తాను.